వారాంతంలో నడుపుకోవడానికి ఎగ్జోటిక్ స్పోర్ట్స్ కారు ఎంచుకోవడం ఎలా?

ఎగ్జోటిక్ కారు, అంటే ఫెరారీ, లంబోర్గినీ లాంటి అరుదైన, ఖరీదైన స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవాళ్లు మొదట హార్స్‌పవర్ చూస్తారు. తర్వాత సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు అని చూస్తారు. ఆ తర్వాత రంగు. ఆదివారం పొద్దున రెండు మూడు గంటలు హాయిగా నడపడమే మీ ఉద్దేశమైతే, ఈ మూడింట్లో కాస్తయినా పనికొచ్చేది రంగే. జోకు కాదు. 600 హార్స్‌పవర్ కారులో మామూలు రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచగలిగేది మూడు నాలుగు సెకన్లు. ఆపైన స్పీడ్ లిమిట్ గుర్తొస్తుంది, లేదా ముందు లారీ కనిపిస్తుంది. మిగతా టైమంతా మీ చేతికీ కాలికీ చెవికీ తెలిసేది స్టీరింగు, గేర్లు, బ్రేకు, ఇంజిన్ పలికే తీరు. ఎంపిక వీటి నుంచే మొదలుపెట్టండి.

1. ముందు మీ రోడ్డు సంగతి రాసుకోండి

ఏ కారూ చూడకముందే ఒక కాగితం మీద మీ వారాంతం ఎలా గడుస్తుందో ఉన్నదున్నట్టు రాయండి. మంచి రోడ్డు ఇంటికి ఎంత దూరం? అది మలుపులున్న ఘాట్ రోడ్డా, తిన్నగా పోయే హైవేనా? మధ్యలో ట్రాఫిక్ ఎంత, స్పీడ్ బ్రేకర్లు ఎన్ని? పక్క సీట్లో ఎవరైనా కూర్చుంటారా? వాన పడితే కారు బయటికి తీస్తారా? ఏడాదికోసారైనా ట్రాక్‌కి వెళ్తారా, లేక అది ఊరికే అనుకునే మాటేనా?

ఈ కాగితంతో సగం కార్లు వాటంతటవే పక్కకి పోతాయి. వెడల్పు సంగతే చూడండి. లంబోర్గినీ అవెంటడార్ అద్దాలు కలపకుండానే 2,030 మిల్లీమీటర్లు. ఫెరారీ 458 ఇటాలియా 1,937. పోర్షే 718 కేమన్ 1,801, ఆల్పీన్ ఏ110 1,798. కాగితం మీద ఈ తేడా ఇరవై మూడు సెంటీమీటర్లే. సన్నటి ఘాట్ రోడ్డులో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు మాత్రం అదే పెద్ద తేడా. వెడల్పాటి కారులో మీరు లేన్ మధ్యలో బిగుసుకుని కూర్చుంటారు, సన్నటి కారులో అదే లేన్‌లోపల మీకు నచ్చిన గీత ఎంచుకుని మలుపు తిరగగలుగుతారు.

గ్రౌండ్ క్లియరెన్స్ తక్కువని భయపడేవాళ్లు ముందుభాగాన్ని లేపే లిఫ్ట్ ఉందో లేదో చూసుకోండి. చాలా కార్లలో అది ముక్కుని ఓ నాలుగు సెంటీమీటర్లు పైకి లేపుతుంది. మీ ఇంటి ర్యాంపు దాటడానికి అది చాలకపోతే, కారు మార్చాలి లేదా ర్యాంపు మార్చాలి. రెండోదే చవక.

2. కూర్చుని చూడండి, అదీ అరగంట

ఫొటోలో ఎంత బాగున్నా, అందులో మీరు పట్టకపోతే ఆ కారు మీది కాదు. ఇంజిన్ మధ్యలో ఉండే కార్లలో ముందు చక్రాల గూళ్లు కాళ్ల చోటులోకి చొచ్చుకొస్తాయి. దాంతో పెడళ్లు స్టీరింగుకి సూటిగా కాకుండా కారు మధ్యవైపు జరిగి ఉంటాయి. పది నిమిషాల్లో తెలియదు, గంట నడిపాక నడుము చెబుతుంది. అందుకే షోరూమ్‌లో సేల్స్‌మన్ ఎంత మాట్లాడుతున్నా సరే, తలుపు వేసుకుని అరగంట కూర్చోండి. క్లచ్ పూర్తిగా తొక్కి చూడండి, మోకాలు స్టీరింగుకి తగులుతుందేమో చూడండి. తల పైన ఖాళీ ఎంత ఉందో చూడండి. ట్రాక్‌కి వెళ్లేవాళ్లయితే హెల్మెట్ పెట్టుకుని మరీ చూడాలి.

కార్బన్ ఫైబర్ రేసింగ్ సీట్లు చూడ్డానికి అదిరిపోతాయి. వాటిలో వీపు వాల్చుకునే వీలుండదు. మీ వీపుకి సరిపోతే వాటంత మంచి సీటు లేదు, సరిపోకపోతే చేసేదేమీ లేదు. లోటస్ ఎలీజ్ లాంటి కార్లలో పక్కనున్న వెడల్పాటి గట్టు దాటి లోపలికి దిగడమే ఒక విద్య. మీకది సరదాగానే ఉండొచ్చు. పక్కన కూర్చునేవాళ్ల అభిప్రాయం కూడా అడగండి.

3. ఇంజిన్, గేర్‌బాక్స్: ఆనందం ఉన్నది ఇక్కడే

ఈ మెట్టు దగ్గర తొందర పడొద్దు. అసలు తేడా ఇక్కడే తేలుతుంది.

టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) లేని ఇంజిన్‌కీ టర్బో ఇంజిన్‌కీ మధ్య తేడా వేగంలో కాదు, పవర్ మీ చేతికి వచ్చే తీరులో. ఫెరారీ 458 ఇటాలియాలో 4.5 లీటర్ల వీ8కి టర్బో లేదు. 570 హార్స్‌పవర్ 9,000 ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుంది, గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 6,000 దగ్గర. 2015లో దాని స్థానంలో వచ్చిన 488 జీటీబీలో రెండు టర్బోలున్న 3.9 లీటర్ల వీ8, 670 హార్స్‌పవర్, గరిష్ఠ టార్క్ 3,000 ఆర్‌పీఎమ్‌కే. ఏది వేగం అంటే 488. కానీ 458లో ఆర్‌పీఎమ్ ముల్లు పైకి ఎక్కేకొద్దీ శబ్దం మారుతూ, ఇంకా ఇంకా అనిపిస్తూ పోతుంది. 488లో అనుకునేలోపే వేగం వచ్చేసి ఉంటుంది. రోడ్డు మీద మొదటిదే నాకు ఇష్టం. రోజూ హైవే మీద ఓవర్‌టేక్ చేయాల్సినవాళ్లు రెండోదే బాగుందంటారు, వాళ్ల మాటలోనూ న్యాయముంది.

గేర్‌బాక్స్‌లో మూడు రకాలు ఎదురవుతాయి.

క్లచ్ పెడల్ ఉన్న మాన్యువల్ నెమ్మది. వారాంతపు సరదాకి ఆ నెమ్మదే కావాలి, ఎందుకంటే తక్కువ వేగంలో కూడా మీ చేతికి, కాలికి పని ఉంటుంది. ఫెరారీ ఎఫ్430, లంబోర్గినీ గలార్డో, మొదటి తరం ఆడి ఆర్8 మాన్యువల్‌తో దొరుకుతాయి. లోహపు గాడుల్లో గేరు లివరు టక్కున పడే ఆ శబ్దం కోసమే కొనేవాళ్లున్నారు. కాబట్టే వాటి ధరలు ఆటోమేటెడ్ వాటికంటే బాగా ఎక్కువ. ఫెరారీ 458, లంబోర్గినీ హురకాన్, 2011 నుంచి వచ్చిన మెక్‌లారెన్ కార్లు, షెవ్రొలే కొర్వెట్ సీ8 ఏవీ మాన్యువల్‌లో రాలేదు. పోర్షే 911 జీటీ3ని 2013లో డ్యూయల్ క్లచ్‌తో మాత్రమే తెచ్చారు. 2017లో మాన్యువల్‌ని మళ్లీ ఇచ్చారు.

రెండోది సింగిల్ క్లచ్ ఆటోమేటెడ్. 2000ల నాటి ఫెరారీ ఎఫ్1 గేర్‌బాక్స్, లంబోర్గినీ ఈ-గేర్, ఆడి ఆర్-ట్రానిక్ ఈ రకమే. పెడల్ ఉండదు కానీ లోపల ఉన్నది మామూలు క్లచ్చే. దాన్ని కంప్యూటరూ పంపులూ కలిసి తొక్కుతాయి. రోడ్డు ఖాళీగా ఉండి గట్టిగా లాగుతున్నప్పుడు భలేగా ఉంటుంది. ట్రాఫిక్‌లో పాకిస్తే, ర్యాంపు మీదికి రివర్స్ చేస్తే క్లచ్ అరిగిపోతుంది. ఇంటి దగ్గర ఏటవాలు పార్కింగ్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

మూడోది డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో తర్వాతి గేరుని ముందే సిద్ధంగా ఉంచే రకం. లోపం ఎంచడం కష్టం. వేగంగా, మెత్తగా ఉంటుంది, ట్రాఫిక్‌లో మామూలు ఆటోమేటిక్ లాగే పోతుంది. పాడైతే మాత్రం రిపేరు పెద్దది.

గేర్ల పొడవు గురించి ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నాను. కేమన్ జీటీ4 అద్భుతమైన కారు, దాని రెండో గేరు మాత్రం దాదాపు 130 కిలోమీటర్ల వేగం దాకా పోతుంది. అంటే ఘాట్ రోడ్డులో మీరు రెండో గేరులోనే ఉండిపోతారు, ఇంజిన్‌ని చివరిదాకా పలికించే అవకాశం చట్టం లోపల దాదాపు రాదు. టెస్ట్ డ్రైవ్‌కి ముందే మీరు చూస్తున్న కారు రెండో గేరు, మూడో గేరు ఎంత వేగం దాకా వెళ్తాయో తెలుసుకోండి. హార్స్‌పవర్ కంటే ఈ రెండు అంకెలే మీకు ఎక్కువ సంగతులు చెబుతాయి.

బరువు గురించి ఒక్క మాట. 1996లో వచ్చిన మొదటి ఎలీజ్ 725 కిలోల చుట్టుపక్కల ఉండేది, పవర్ చూస్తే మామూలు కుటుంబ కారంతే. అయినా దాన్ని నడిపినవాళ్ల మొహంలో నవ్వు పోదు. 1,100 కిలోల ఏ110లో 1.8 లీటర్ల చిన్న టర్బో ఇంజిన్. తేలికగా ఉన్న కారు మలుపులో అరవై కిలోమీటర్ల వేగంలోనే ఏం జరుగుతోందో చెబుతుంది. బరువైన కారు వంద దాటాకే నోరు విప్పుతుంది.

4. నాలుగు పేర్లకి కుదించండి

సన్నటి మలుపుల రోడ్డైతే కేమన్, ఏ110, లోటస్ ఎవోరా లేదా ఎమీరా. ఎవోరాలోనూ, ఎమీరా వీ6లోనూ ఉన్నది టొయోటా 3.5 లీటర్ల ఇంజిన్ కాబట్టి ఇంజిన్ గురించి టెన్షన్ తక్కువ. బయటికి తీసిన ప్రతిసారీ పండగలా ఉండాలంటే గలార్డో లేదా ఆర్8 వీ10. స్టీరింగు చేతికి మాట్లాడాలంటే మెక్‌లారెన్ 570ఎస్, ఎందుకంటే చాలా కంపెనీలు ఎలక్ట్రిక్ స్టీరింగుకి మారిపోయినా ఇందులో హైడ్రాలిక్ సాయమే ఉంది. పాతకాలపు రుచి, కొత్తకాలపు నమ్మకం రెండూ కావాలంటే 1990లో వచ్చిన మొదటి తరం హోండా ఎన్‌ఎస్‌ఎక్స్. అల్యూమినియం బాడీ, మధ్యలో వీ6, చుట్టూ చక్కగా కనిపించే అద్దాలు. 911 సంగతి వేరుగా చెప్పక్కర్లేదు. వెనుక రెండు చిన్న సీట్లు, ముందు ఓ సూట్‌కేసుకి చోటు ఉండటంతో, ఏదో ఒక సాకుతో ఎక్కువసార్లు బయటికొచ్చే కారు అదే.

సూపర్ కారు అన్న పేరు కోసమే అవెంటడార్ లాంటిది కొనుక్కోవాలని ఉంటే కొనుక్కోండి, తప్పేం లేదు. అది చూసి మురిసిపోయే కారు. ఈ వ్యాసం నడిపి మురిసిపోయేవాళ్ల కోసం.

5. డబ్బు లెక్క: కొనే ధర మొదటి కంతు మాత్రమే

సెకండ్ హ్యాండ్‌లో కారు ధర పడిపోతుంది. విడిభాగాల ధర పడదు. కొత్తగా ఉన్నప్పుడు ఎంత ఖరీదైన కారో, దాని బ్రేకులు ఇప్పటికీ అంత ఖరీదు. అందుకే చేతిలో ఉన్నదంతా కారు మీదే పెట్టకండి. నా లెక్కలో ధరలో కనీసం పదో వంతు మొదటి ఏడాది ఖర్చులకని పక్కన ఉండాలి, పాతబడిన ఇటాలియన్ కారైతే ఐదో వంతు.

మోడల్ మారితే ఖర్చు ఎంత మారుతుందో చూడండి. ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టులు (ఇంజిన్ వాల్వులు సమయానికి తెరుచుకునేలా నడిపేవి) మార్చాలంటే ఇంజిన్ బయటికి దించాలి. 360 మోడెనాలో దించకుండానే మార్చొచ్చు, కానీ బెల్టులు మార్చడం తప్పదు. ఎఫ్430కి వచ్చేసరికి బెల్టుల బదులు చైన్ పెట్టారు, ఆ ఖర్చే పోయింది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉండే మూడు కార్లలో ఇంత తేడా. ఎఫ్430లో వేరే తలనొప్పి ఉంది. కంపెనీ ఇచ్చిన ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (ఇంజిన్ నుంచి పొగని బయటికి తెచ్చే గొట్టాలు) పగులుతాయి. పగిలిన ముక్కలు ఇంజిన్‌కి చేటు కాబట్టి వాటిని మార్చారా అని మొదటే అడగాలి.

పోర్షేలో 2008 దాకా వచ్చిన మామూలు 911 ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ (ఇంజిన్ లోపల తిరిగే ఒక కడ్డీ) బేరింగు బలహీనత పేరుపడ్డ సమస్య. అది పోతే ఇంజినే పోతుంది. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఆ షాఫ్టే లేదు. అదే కాలపు జీటీ3, టర్బోలలో వేరే ఇంజిన్ కాబట్టి వాటికి ఈ బెంగ లేదు. మెక్‌లారెన్ 12సీలో యాంటీ రోల్ బార్ల (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీల) బదులు హైడ్రాలిక్ సస్పెన్షన్ ఉంది, ఒత్తిడిని నిల్వ ఉంచే దాని అక్యుములేటర్లు కాలంతోపాటు బలం కోల్పోతాయి. 570ఎస్‌లో మామూలు పద్ధతే, అందుకే దాని నిర్వహణ సులువు. ఆర్8లో మాగ్నెటిక్ షాక్ అబ్జార్బర్లు కారుతాయి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా కొనకముందే తేల్చుకోండి. కారు పోతే ఎంత ఇస్తారో ముందే రాసిచ్చే పాలసీ తీసుకోండి. తక్కువ కిలోమీటర్లకి ప్రీమియం తగ్గించే పద్ధతి ఉంటే అడగండి.

6. నడిపి చూడటం

చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టండి. అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే ఇంజిన్ వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని కాదు గానీ, ఇంకోరోజు రండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు వచ్చే శబ్దం, పొగ, మొదటి గేర్లు పడే తీరు ఆ కారు గతం గురించి చాలా చెబుతాయి.

మొదట నెమ్మదిగా నడపండి. పార్కింగ్‌లో తిప్పండి, స్పీడ్ బ్రేకర్ ఎక్కించండి, ట్రాఫిక్‌లో ఆగి కదలండి. తర్వాత మీకు అలవాటైన వేగంలో మలుపులు. గట్టిగా తొక్కడం చివర్లో, అదీ ఆయిల్ వేడెక్కాకే. ఒకే రోజు రెండు కార్లు నడిపితే పోలిక తేలుతుంది. అవి కాగితం మీద సమానమైన కార్లే కానక్కర్లేదు. వీలైతే ఒక రోజు అద్దెకి తీసుకోండి. అరగంటలో పిచ్చెక్కించిన ఎగ్జాస్ట్ శబ్దం నాలుగో గంటలో తలనొప్పి తెప్పించవచ్చు.

కార్బన్ సెరామిక్ బ్రేకులున్న కారైతే చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండు మూడు బ్రేకులు ఎలా పడుతున్నాయో గమనించండి. వాటి డిస్కుల అంచులు చెక్కుపోయాయేమో టార్చి వేసి చూడండి, చక్రం మార్చేటప్పుడు అజాగ్రత్తగా ఉంటే అంచు విరుగుతుంది. ఒక్కో డిస్కు మార్చడమంటే చిన్న కారు గుర్తొచ్చేంత ఖర్చు. రోడ్డు మీద తిరగడానికి ఇనుప డిస్కులు చాలు.

7. నచ్చిన కారుని ఇంకొకరితో చూపించండి

అమ్మేవాళ్ల మెకానిక్‌తో కాదు, మీరు డబ్బిచ్చే మెకానిక్‌తో. ఆ కంపెనీ కార్లే రోజూ విప్పే మనిషై ఉండాలి. ఊళ్లో అందరికీ మంచి మెకానిక్ అయినా, ఈ కార్లు తెలియకపోతే లాభం లేదు. ఆయన చేత కనీసం ఇవి చేయించండి. పెయింట్ మందం కొలిచే మీటరుతో ప్రతి ప్యానెల్‌నీ చూడటం, లిఫ్ట్ మీద ఎత్తి కింద భాగాన్ని చూడటం, ఇంజిన్ సిలిండర్లలో లీక్‌డౌన్ పరీక్ష (లోపలికి గాలి పంపి ఎంత కారుతోందో కొలవడం), కంప్యూటర్ పెట్టి లోపాలు చదవడం. ఆటోమేటెడ్ గేర్‌బాక్స్ కార్లలో క్లచ్ ఎంత అరిగిందో ఆ కంప్యూటరే చెబుతుంది. పోర్షేలలో ఇంజిన్ పరిమితి దాటి ఎన్నిసార్లు తిరిగిందో, ఏ రేంజిలో తిరిగిందో రికార్డయి ఉంటుంది. పై రేంజిల్లో అంకెలుంటే ఎవరో పై గేరు బదులు కింది గేరు వేశారని అర్థం. అలాంటి కారు ఎంత తళతళలాడినా వదిలేయండి.

టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడి నిండుగా ఉన్నా ఆరేళ్లు దాటితే రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది, మార్చే ఖర్చు బేరంలో దించండి. నాలుగు టైర్లూ నాలుగు రకాలుంటే ఆ యజమాని ఎక్కడెక్కడ పొదుపు చేశాడో ఆలోచించండి.

కిలోమీటర్లు తక్కువని మురిసిపోకండి. పదిహేనేళ్లలో ఐదారు వేల కిలోమీటర్లే తిరిగిన కారులో సీళ్లు ఎండిపోయి, ఇంధనం పేరుకుపోయి, అన్నీ మీ చేతుల్లోకి వచ్చాక ఒక్కొక్కటిగా కారడం మొదలవుతుంది. ఏటా కాస్తో కూస్తో తిరిగి, ఏటా ఆయిల్ మార్చిన బిల్లులున్న కారు మేలు. బిల్లులు తేదీల వారీగా పేర్చి, కిలోమీటర్లు వరసగా పెరుగుతున్నాయో లేదో చూసుకోండి. ఛాసిస్ నంబరు కాగితాల్లోనూ కారు మీదా ఒకటేనా, కారు మీద అప్పు మిగిలి ఉందా, తాళాలన్నీ ఉన్నాయా అన్నవి డబ్బు చేతులు మారకముందే చూసుకోవాలి. రిపోర్టులో చిన్న లోపాలు వస్తే మంచిదే, బేరానికి ఆధారం దొరికింది. ఏ లోపమూ లేదన్న రిపోర్టు వస్తే, చూసిన మనిషి సరిగా చూశాడా అని నాకైతే అనుమానం.

8. తెచ్చుకున్నాక

మొదటి వారంలోనే ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి, అమ్మినవాళ్లు మార్చామన్నా సరే. ఆ తర్వాత ఆయిల్ ఏటా, బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి, కిలోమీటర్లతో పని లేదు. పార్కింగ్ దగ్గర ప్లగ్ పాయింట్ పెట్టించి బ్యాటరీ మెయింటెయినర్ తగిలించండి. ఈ కార్లు ఆఫ్‌లో ఉన్నా కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. చాలా పోర్షేల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరుచుకోవాలంటే బ్యాటరీ కావాలి. అప్పుడు ఫ్యూజ్ బాక్స్‌లోంచి బయటికి లాగే చిన్న టెర్మినల్‌కి వేరే బ్యాటరీ తగిలించి తెరవాలి. అదెక్కడుందో పగటిపూట, తొందర లేనప్పుడు వెతికి పెట్టుకోండి.

బయటికి తీయని వారం ఇంజిన్ ఊరికే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచడం మంచి అలవాటనుకుంటారు. కాదు. ఆయిల్ వేడెక్కకుండా ఆపేస్తే తేమ లోపలే ఉండిపోతుంది. తీస్తే అరగంటైనా నడపండి, లేకపోతే ముట్టుకోకండి. నడిపేటప్పుడు ఆయిల్ 80 డిగ్రీలు దాటేదాకా ఆర్‌పీఎమ్ ముల్లుని సగం పైకి పోనివ్వకండి. ట్రాక్ రకం టైర్లు వేసుకున్న కారైతే చలిలో, వానలో అవి దాదాపు పట్టవు. మొదటి కొన్ని నెలలు స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారిపోకుండా చూసే ఏర్పాటు) బటన్ జోలికి వెళ్లొద్దు. అది ఆపి చూడాలని మరీ మనసు లాగితే ట్రాక్‌లో పక్కన శిక్షకుణ్ణి కూర్చోబెట్టుకుని చూడండి.